ఎదిగాక పనికొచ్చే జత

ఆ ఆదివారం హౌరా మైదాన్ మెట్రో దిగి టికియాపారా వైపు నడుస్తుంటే దారిలో ఎనిమిది మంది నన్ను ఆపారు. భుజం మీద ఉన్నవి ఏమిటని అందరిదీ ఒకటే ప్రశ్న. ఒకాయన దుర్గాపూజ పందిరికి వాడే కొత్తరకం చెక్కలనుకున్నాడు. కూరలమ్మే ఆవిడ మంచం పట్టెలనుకుంది. రిక్షా పక్కన కూర్చున్న ముసలాయన మాత్రం ఏమీ అడగలేదు. "దిదీ, అవి వంకరగా ఉన్నాయి, దుకాణం వాడు మోసం చేశాడు" అని హిందీలో జాలిపడి ఊరుకున్నాడు.

నేనెవరికీ జవాబు చెప్పలేదు. ఆగస్టు ఉక్కలో రోడ్డు మధ్య నిలబడి స్కీలంటే ఏమిటో వివరించే ఓపిక నాకు లేదు. మంచు మీద జారడానికి కాళ్ళకి తగిలించుకునే పొడుగాటి పట్టీలని చెబితే, మంచెక్కడుందని అడుగుతారు. గుల్‌మార్గ్‌లో ఉందంటే, మరి నువ్వు ఇక్కడున్నావేమిటని అడుగుతారు. ఆ ప్రశ్న నాకు నేనే రోజూ వేసుకుంటున్నాను, ఇంకొకళ్ళు వెయ్యక్కర్లేదు.

నా పేరు సుజన. ముప్పై ఒకటి నిండాయి. సెక్టర్ ఫైవ్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. అంటే ఇతరులు చేసిన పనిలో తప్పులు పట్టడం నా జీవనాధారం. మా నాన్న బైరాగి రైలు పెట్టెలు బాగుచేసే షెడ్డులో ఫిట్టరు. అమ్మ తవిటమ్మ. మా తాత సోంపేట నుంచి కూలికి వచ్చి ఇక్కడ పాతుకుపోయాడు కాబట్టి మేం ముగ్గురం టికియాపారాలో ఒకటిన్నర గదుల రైల్వే క్వార్టర్లో ఉంటాం. అందులో ఆ సాయంత్రం నుంచి నాలుగు స్కీలు కూడా చేరాయి.

ఈ పిచ్చి నాకు అంటించింది ప్రణతి. మా ఆఫీసే, కరీంనగర్ పిల్ల. మూడేళ్ళ క్రితం "సెలవులు ఊకె ఎందుకు పోగొట్టుకుంటవ్, రావే" అని గుల్‌మార్గ్‌లో పది రోజుల స్కీయింగ్ కోర్సుకి లాక్కుపోయింది. మొదటి ఏడాది ఇద్దరం పడటమే నేర్చుకున్నాం. నేనెక్కడ పడినా పక్కన ఇంకొకరు పడి ఉండేవారు, చూస్తే అది ప్రణతి. రెండో ఏడాది లేచి నిలబడ్డాం, మలుపులు తిరిగాం. మూడో ఏడాది, అంటే పోయిన ఫిబ్రవరిలో, ప్రణతి ఎక్కణ్ణుంచో సొంత స్కీలు తెప్పించుకుని వచ్చింది. నల్లవి, పొడుగువి, చూడగానే భయభక్తులు కలిగేవి. రెండో రోజు, మాకు నేర్పడానికి ఆ ఏడు కొత్తగా వచ్చిన ఉస్తాద్ మమ్మల్ని రెండు గుంపులుగా విడగొట్టాడు. ప్రణతి పై గుంపులో, నేను కింది గుంపులో. ఆ రోజు నుంచి నేను ఒక్కదాన్నే పడ్డాను.

ఏడుపొచ్చింది. సిగ్గుపడకుండా చెబుతున్నాను, నిజంగానే ఏడుపొచ్చింది. రాత్రి గదికి వచ్చాక ప్రణతి మాట్లాడకుండా ముసుగుతన్ని పడుకునేది. పైవాళ్ళకి కిందివాళ్ళతో ఏం మాటలుంటాయిలే అనుకున్నాను. తిరిగొచ్చాక మాత్రం పైన తీయించుకున్న ఫొటోలు పదకొండు పంపింది. వచ్చే ఫిబ్రవరిలో నేనూ పై గుంపుకి వెళ్ళాలి, ప్రణతి పక్కన జారాలి. నేను స్కీలు కొంటున్నది ఇందుకే. ఏడాదికి నాకు దొరికేది ఆ పది రోజులే. అద్దె స్కీలు రోజుకో జత ఇస్తారు, అంచులు మొండిబారి ఉంటాయి, నిన్న అలవాటైనవి ఇవాళ దొరకవు. సొంతవి ఉంటే ప్రణతిలాగే నేనూ పైకి వెళ్తానని నా లెక్క.

కలకత్తాలో గొడుగులు దొరుకుతాయి, స్కీలు దొరకవు. వెతగ్గా వెతగ్గా ఎస్ప్లనేడ్ వెనక సందులో నీలాంబర్ దా దొరికాడు. కొండలెక్కేవాళ్ళ సామాన్ల కొట్టు ఆయనది, ఇప్పుడు మూసేస్తున్నాడు. ఎవరో క్లబ్బువాళ్ళు తెప్పించమన్నారట, తర్వాత క్లబ్బే ఎత్తేయడంతో రెండు జతల స్కీలు ఆయన నెత్తిన పడ్డాయి. ఒకటి నీలిది, ఒకటి నల్లది. నల్లది అచ్చం ప్రణతి దానిలాంటిదే.

"రెండూ పట్టుకెళ్ళు" అన్నాడాయన. "ఇంట్లో పెట్టుకుని చూసుకో. వచ్చే ఆదివారం పన్నెండు లోపల ఒక జత తిరిగి తెచ్చెయ్యాలి. మిగిలినదాని కోసం డార్జిలింగ్ కుర్రాళ్ళు వస్తున్నారు. తర్వాత మార్చనంటే మార్చను."

"దాదా, నాకేది సరిపోతుందంటారు?"

ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. "నేను జన్మలో మంచు మీద నిలబడలేదు దిదీ" అన్నాడు.

ఇంక అప్పుడు మొదలైంది గందరగోళం. సోమవారం ఆఫీసులో ఒక పట్టిక తయారుచేశాను. నా ఎత్తు నూట యాభై ఎనిమిది సెంటీమీటర్లు, బరువు యాభై నాలుగు కిలోలు. నీలి స్కీ పొడవు నూట యాభై, నల్లదాని పొడవు నూట అరవై ఆరు. నిలబెడితే నీలిది నా కళ్ళ దాకా వస్తుంది, నల్లది నా తల మీద ఇంకో నాలుగు వేళ్ళు లేస్తుంది. ఇంటర్నెట్‌లో ఒక పెద్దమనిషి స్కీ గడ్డం దాకా రావాలన్నాడు. ఇంకొకడు ముక్కు దాకా అన్నాడు. మూడోవాడు నుదురు దాటినా ఫర్వాలేదన్నాడు. వీళ్ళు ముగ్గురూ కలిసి నా మొహాన్ని కొలబద్ద చేసిపెట్టారు.

సరే, పొడవు వదిలేసి వెడల్పు చూద్దామనుకున్నాను. స్కీకి మధ్యలో సన్నగా ఉండే చోటుని నడుమంటారు. నడుము సన్నగా ఉంటే గట్టి మంచు మీద తొందరగా మలుపు తిరుగుతుందట. వెడల్పుగా ఉంటే కొత్తగా పడిన మెత్తటి మంచులో కూరుకుపోదట. మరి గుల్‌మార్గ్‌లో పొద్దున గట్టి మంచు ఉంటుంది, మర్నాడు మోకాలి లోతు మెత్తటి మంచు పడుతుంది. ఏ పూటకి కొనాలి? నల్లదాని లోపల లోహపు రేకు ఉంది. అది ఉంటే వేగంలో వణకదని ఒకచోట, అదే ఉంటే కొత్తవాళ్ళ ప్రాణం తీస్తుందని ఇంకోచోట. కొత్తవాళ్ళంటే ఎవరు? మూడు చలికాలాలు పడి లేచినదాన్ని, నేను కొత్తదాన్నా?

అసలు చిక్కంతా అక్కడే ఉంది. ప్రతి వెబ్‌సైటూ మీ స్థాయి ఏమిటని అడుగుతుంది. మొదలుపెట్టినవారు, మధ్యస్థులు, నిపుణులు. చిన్న వాలు మీద నా రెండు స్కీలూ పక్కపక్కనే బుద్ధిగా ఉంటాయి. అదే వాలు నిటారుగా ఉంటే ముందు కొనలు దగ్గరకొచ్చి వెనక చివరలు విడిపోతాయి, ఎంత తిట్టుకున్నా మాట వినవు. అలాంటిదాన్ని ఏమంటారో ఆ మూడు గళ్ళలో లేదు. ఒక వెబ్‌సైటులో నిజాయితీగా అన్నీ నింపితే నీలిదాని లాంటిది చూపించింది. మధ్యస్థం తీసేసి నిపుణులు అని నొక్కాను. అయినా నీలిదే. బరువు ఇంకో పది కిలోలు పెంచాను. అప్పుడు నల్లదాని లాంటిది వచ్చింది. హమ్మయ్య అనుకున్నాను. ఆఫీసులో ఎవరైనా కావలసిన ఫలితం వచ్చేదాకా ఇలా లెక్కలు మారిస్తే పదిమందికీ మెయిల్ పెట్టి పరువు తీసేదాన్ని.

బుధవారం భోజనాల దగ్గర ప్రణతిని అడిగాను.

"నల్లవా, నీలివా? నువ్వే చెప్పు. నీకు అనుభవం ఉంది కదా."

ప్రణతి డబ్బాలో అన్నం కలుపుతూ తలెత్తలేదు. "నాయి నల్లయే గదా. మంచిగనే ఉన్నయ్."

"నేను వాటి మీద జారగలనంటావా?"

"గట్లడిగితె నేనేం జెప్పాలె? నీ కాళ్ళు, నీ ఇష్టం" అని డబ్బా మూత పెట్టేసింది. సగం అన్నం అందులోనే ఉంది.

నాకు మండింది. చెప్పడం ఇష్టం లేకపోతే ఇష్టం లేదని చెప్పొచ్చుగా. నేను పైకి రావడం దీనికి నచ్చట్లేదేమో అని కూడా అనిపించింది. ఆ కోపంలో ఇంక నల్లవే అని ఖాయం చేసుకున్నాను. గురువారం పొద్దుటికి మళ్ళీ భయం వేసింది. శుక్రవారం పట్టికలో ఇంకో ఆరు వరసలు చేర్చాను, అయినా ఏదీ తేలలేదు.

శనివారం సెలవు. పొద్దున్నే చేపల బజారుకి వెళ్ళి తొమ్మిదింటికి ఇంటికొచ్చాను. గుమ్మంలో అడుగు పెట్టేసరికి చేపల సంచీతో అక్కడే నిలబడిపోయాను. నాలుగు స్కీలనీ నాన్న వరసగా నేల మీద పరిచాడు. వాటి నడుముల మీద బియ్యం డబ్బా, రుబ్బురోలు, ఆయన పనిముట్ల సంచులు రెండు, అమ్మ పాత కుట్టుమిషను. నాన్న లుంగీ ఎగ్గట్టి గొంతుక్కూర్చుని ఉక్కు స్కేలుతో ఏదో కొలుస్తున్నాడు.

"నాన్నా! ఏటి సేస్తన్నావు?"

"తిన్నగా సేస్తన్నాను" అన్నాడు తాపీగా. "నాలుక్కి నాలుగూ వొంపు తిరిగీసినాయి. వానలకి సెమ్మ పట్టీసింది. కొన్నప్పుడు సూసుకోనేదేటి నువ్వు? రెండ్రోజులు బరువెట్టి ఒగ్గేస్తే అవే కుదురుకుంటాయి."

చేపల సంచీ ఎక్కడ పడేశానో తెలియదు. రుబ్బురోలు నేనే ఎత్తి పక్కన పెట్టాను, దాన్ని మామూలుగా ఇద్దరం కలిసి గానీ కదపలేం. "అవి నావి కావు నాన్నా! రేపు ఒక జత తిరిగిచ్చెయ్యాలి. నిన్నెవలు ముట్టుకోమన్నారు? రైలు పెట్టెలు తప్ప ఇంకేటి తెల్సు నీకు? తెలీనిదాని జోలికి ఎందుకు పోతావు?"

ఆ మాట అనేశాక అమ్మ గరిటెతో సహా వంటింట్లోంచి తొంగిచూసింది. నాన్న స్కేలు పట్టుకున్న చెయ్యి అలాగే గాలిలో ఉంది. బరువులన్నీ తీశాక స్కీలు ఒక్కొక్కటీ నడుము దగ్గర మళ్ళీ పైకి లేచాయి, ఏమీ జరగనట్టు.

"మళ్ళీ లెగిసిపోనాదేటే?" అన్నాడు నాన్న, కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువగా.

నేను ఊపిరి పీల్చుకుని చెప్పాను. అవి పాడైనవి కావు, ఆ వంపు కావాలనే పెడతారు. మనిషి ఎక్కితే మధ్యలో అణిగి, బరువు ముందు కొన నుంచి వెనక చివర దాకా పరుచుకుంటుంది. మలుపులో స్కీ ఇంకా వంగాలి, వంగితేనే తిరుగుతుంది. మలుపు అయ్యాక మళ్ళీ లేస్తుంది.

నాన్న మొహం మారిపోయింది. "ఓలమ్మో! ఇది మా పెట్టెల కిందేసే కమాను కట్టేటే, స్ప్రింగు! ముందే సెప్పాల గదే నాకు." నీలి స్కీ చేతిలోకి తీసుకుని, ఒక కొన నేలకి ఆనించి, నడుము మీద అరచెయ్యి వేసి నొక్కాడు. తర్వాత నల్లది నొక్కాడు. "ఎంత బరువుకి సేసినారు ఇవి?"

"అలా రాయరు నాన్నా."

"రాయకపోతే కొలవాల. పెట్టె బరువు తెలీకుండా కమాను కట్ట ఎలగేస్తాం? పెద్ద బరువు మోసే కట్ట తెచ్చి తేలికపాటి పెట్టెకి ఏసినావనుకో, అది అణగదు. పెట్టె ఎగిరెగిరి పడతాది, పట్టా మీద కూకోదు. ఎల్లు, ఆ బూట్లు తే."

వారమంతా నేను పట్టిక కట్టి కూడా పట్టుకోలేని ప్రశ్న ఆయన ఒక్క నిమిషంలో వేశాడు. నాకు కొంచెం అసూయ కలిగింది కూడా. అలమర మీంచి స్కీ బూట్లు దించాను. పోయినేడాది కొన్న బూట్లవి, ఒక్కోటీ ఇటుకలా ఉంటుంది. ఆ ఉక్కలో వాటిని తొడుక్కునేసరికి చెమటతో తడిసిపోయాను. నాన్న రెండు పీటలు దూరదూరంగా వేసి నీలి స్కీ రెండు చివర్లూ వాటి మీద ఆనించాడు. నేను నాన్న భుజం పట్టుకుని మధ్యలో ఎక్కాను. స్కీ కిందికి వంగింది. నాన్న నేల మీద బోర్లా పడుకుని సుద్దముక్కతో గుర్తు పెట్టాడు. మూడు వేళ్ళ మేర దిగింది. నల్లదాని మీద ఎక్కితే రెండు వేళ్ళు కూడా దిగలేదు.

"ఎగురు" అన్నాడు.

"పీటలు ఇరిగిపోతాయి నాన్నా."

"అయితే దిగు" అని నాన్న తనే నల్లదాని మీద ఎక్కాడు. ఎనభై ఆరు కిలోల మనిషి, పైన బనీను, కింద లుంగీ, గోడకి ఒక చెయ్యి. ఈసారి సుద్దముక్క నా చేతిలో ఉంది. సరిగ్గా మూడు వేళ్ళు దిగింది.

ఎదురింటి జగ్గమ్మత్త కిటికీలోంచి అంతా చూస్తోంది. "ఓలి తవిటీ! నీ మొగుడు సర్కసులో సేరినాడేటే?" అని అరిచింది. అమ్మ వినిపించుకోనట్టు తలుపు సగం చేరవేసింది.

నాన్న దిగి, నల్లదాన్ని గోడకి చేర్చాడు. "ఇది నాపాటోడికి సేసినది. నీ మాట ఇనదు."

ఆయన చెప్పింది అర్థమైంది. అర్థమైనందుకే ఒళ్ళు మండింది. "ఇప్పుడు వినదు. నేను నేర్చుకుంటన్నాను కదా నాన్నా. ఎల్లకాలం ఇలాగే ఉండిపోతానా? వచ్చే ఏడాదికి బాగా వస్తాది, ఆ పై ఏడాదికి ఇంకా బాగా వస్తాది. అప్పుడు ఈ నీలిది ఏటి సేసుకోవాలి?"

"గుంట సెప్పిందే నాయం" అంది వంటింట్లోంచి అమ్మ. "పెద్దదే తీస్కో. ఎదిగినాక పనికొస్తాది."

ఎదిగినాక. ఈ మాట మా ఇంట్లో ఏ వస్తువు కొన్నా వినబడుతుంది. నా గౌన్లన్నీ అడుగున జానెడు మడత పెట్టి కుట్టినవే. యూనిఫారం చేతులు వేళ్ళని మింగేసేవి. బూట్లు రెండు నంబర్లు పెద్దవి, ముందు గుడ్డపేలికలు కూరి తొడిగేవారు. ఒక వస్తువు నాకు సరిపోయే వేళకి అది చిరిగిపోయే వేళ అయ్యేది. ముప్పై ఒకటో ఏట ఇంకా నేనెంత ఎదుగుతానో అమ్మకే తెలియాలి. కానీ ఆ రోజు అమ్మ నా పక్షం, అందుకని నోరెత్తలేదు.

నాన్న పీటలు తీసి గోడవార పెట్టాడు. తర్వాత నాతో కాకుండా ఆ పీటలతో మాట్లాడుతున్నట్టు అన్నాడు. "నాలుగో తరగతిలో రైల్వే గ్రౌండులో పరుగు పందేనికి ఎల్లినావు, గేపకముందా?"

జ్ఞాపకం ఉంది. మూడో బహుమతి స్టీలు టిఫిన్ డబ్బా. నాకు రాలేదు.

"సగం దూరం నువ్వే ముందున్నావు. బూటు జారిపోనాది. అందరూ ముందుకి లగెత్తుతుంటే నువ్వు బూటు కోసం ఎనక్కి ఎల్లినావు. తొడుక్కుని మళ్ళీ లగెత్తినావు. మళ్ళీ జారిపోనాది. మళ్ళీ ఎనక్కి ఎల్లినావు." నాన్న పీట మీద సుద్ద మరక తుడిచాడు. "అందరూ నవ్వినారు. నానూ నవ్వినాను. ఆ బూట్లు కొన్నది నానే గదా. నాను నవ్వకూడదు."

ఆయన నవ్వినట్టు నాకసలు జ్ఞాపకం లేదు. డబ్బా రాలేదన్న బాధే ఉంది. నాకు లేని జ్ఞాపకాన్ని ఆయన ఇరవై రెండేళ్ళుగా ఒంటరిగా మోస్తున్నాడు. పొద్దున నేనన్న మాట గుర్తొచ్చింది. మా ఇంట్లో క్షమించమని అడిగే అలవాటు లేదు. "టీ పెట్టనా నాన్నా?" అన్నాను.

"పెట్టు. ఆ బూట్లు ఇప్పు ముందు, కాళ్ళు ఉడికిపోతాయి." తర్వాత నెమ్మదిగా అన్నాడు. "బాగా వొచ్చినాక అప్పుడు నల్లది కొనుక్కుందువు, ఎవలొద్దన్నారు? ఈ ఏడు నువ్వెంతున్నావో అంతకే కొనుక్కో తల్లీ. మేం నీకెప్పుడూ అలాగ కొన్నేదు."

కాసేపటికి అమ్మే వంటింట్లోంచి వచ్చి, నా చేతిలోంచి టీ గిన్నె తీసుకుని తనే పెట్టింది.

ఇక్కడితో తేలిపోయిందని ఎవరైనా అనుకుంటారు. నాకు తేలలేదు. నీలిది నా బరువుకి సరైనదని సుద్దగీతలు చెబుతున్నాయి. కానీ నేను స్కీలు కొంటున్నది సుద్దగీతల కోసం కాదు, ప్రణతి పక్కన జారడం కోసం. నీలిది కొంటే నేను కింది గుంపు మనిషినని నా చేతులతో నేనే రాసిచ్చినట్టు. నల్లది కొంటే పైకి పంపుతారు, పైన ఏమవుతుందో తర్వాత చూసుకోవచ్చు. నాన్న మాట నిజమే. నా కోరికా అబద్ధం కాదు. రెండింటికీ ఒకే జత కాళ్ళున్నాయి.

ఆదివారం పొద్దున, తిరిగిచ్చేయడానికి నల్ల జతని పాత దుప్పటిలో చుట్టాను. విప్పాను. నీలి జతని చుట్టాను. అదీ విప్పాను. నాన్న పేపరు చదువుతున్నట్టు నటిస్తూ చూస్తున్నాడు. పది దాటింది. చివరికి, జారిపోయే బూటు కోసం మళ్ళీ వెనక్కి వెళ్ళే ఓపిక లేక, నల్ల జతనే చుట్టి, విప్పబుద్ధి కాకుండా తాడుతో నాలుగు ముళ్ళు వేసి, ప్రణతికి ఫోన్ చేశాను. ఎలాగూ తెలిసేదే, నా నోటితో నేనే చెప్పేస్తే మంచిదనిపించింది.

"నీలివి ఉంచుకుంటున్నానే" అన్నాను. నా గొంతు నాకే చిన్నగా వినిపించింది. "అంటే ఈసారి కూడా నేను కింది గుంపులోనే ఉంటానేమో. నువ్వు నాకోసం ఆగకు. పైకి వెళ్ళు."

"నల్లయి ఎందుకొద్దనుకున్నవ్?" అంది ప్రణతి.

పీటలూ, సుద్దముక్కా, నాన్న లుంగీ, అన్నీ చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"మీ నాయిన ఎంత బరువుంటడే?"

"ఎనభై ఆరు."

"నేను యాభై ఒకటి" అంది ప్రణతి.

నాకు వెంటనే బోధపడలేదు. దానికి స్కీయింగ్ వచ్చు కదా, బరువుతో ఏం పని అనుకున్నాను. అదే మాట అన్నాను.

"వచ్చని ఎవరు జెప్పిండ్రు నీకు? ఉస్తాద్ నేను జారుడు సూడనే లేదే. కాళ్ళకున్నయి సూసిండు. గసుంటియి ఏసుకొని వచ్చిందంటె దీనికి మస్తు వస్తదనుకొని పైకి పంపిండు. నాకు రాదని జెప్పుడు సిగ్గయింది. ఒక్కసారి జెప్పకపోతిని, ఇగ మర్నాడు పోయి ఎట్ల జెప్పాలె?"

"మరి ఆ ఫొటోలు?"

"ఫొటోలల్ల ఒక్కదాంట్లన్న జారుతున్ననా? సూడు."

ఫోన్ చెవి దగ్గర్నుంచి తీసి చూశాను. ఆ పదకొండు ఫొటోలూ నాకు కంఠతా వచ్చు, ఆర్నెల్లుగా వాటిని చూసే కుళ్ళుకుంటున్నాను. పదకొండింటిలోనూ ప్రణతి కొండ అంచున నిలబడే ఉంది. స్కీలు పక్కనే మంచులో గుచ్చి ఉన్నాయి.

"రెండు దినాలు ఉస్తాద్‌కు కడుపునొస్తుందని జెప్పి, నువ్వు పోయినంక రూంలనే పండుకున్న" అంటోంది ప్రణతి. "తక్కిన దినాలు వాలుకు అడ్డంగ నిలబడి, పక్కకు పక్కకు జరుక్కుంట దిగిన. అందరు దిగిపోయినంక గంటకు దిగేదాన్ని. మీరు కింద పడుకుంట, లేసుకుంట, నవ్వుతుంటె పైనుంచి మంచిగ కనబడేది. నీ ఎర్ర టోపి కనబడేది. రాత్రి రూముకొచ్చినంక నువ్వు అడుగుతవేమోనని ముసుగేసుకునేదాన్ని."

నాకు కోపం ముంచుకొచ్చింది. ఆర్నెల్లు! "నోరు తెరిచి ఒక్క ముక్క చెప్పలేకపోయావా? బుధవారం అడిగితే కూడా మంచిగనే ఉన్నయ్ అన్నావు కదే! నేను అవే కొనేసేదాన్ని!"

"ఉన్నయ్ అన్న. కొనుమన్ననా?" అంది గానీ ఆ మాటలో బలం లేదు. ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది. నా కోపం ఎటుపోయిందో తెలియలేదు, నాకూ కళ్ళు చెమర్చాయి. గుమ్మం దగ్గర నాన్న దుప్పటి మూటని భుజానికెత్తుకుని, పద, పన్నెండు లోపల ఇచ్చెయ్యాలి అన్నట్టు సైగ చేస్తున్నాడు.

"సుజనా" అంది ప్రణతి.

"ఊఁ."

"ఆ దుకాణమాయన తాన నీలివి ఇంకో జత ఉన్నదా?"